కొలతలు

ఈ బృందంలో నన్ను చేర్చింది నా టేపు.
చదువు ఎనిమిదితో ఆగింది. ఈత రాదు.
తాళ్ళరేవు సెంటర్లో జాకెట్లు కుట్టుకుంటాను.
"అడుగుల అచ్చులు కొలిచే మనిషి కావాలక్కా,
వంకర పోకుండా" అన్నాడు మెకానిక్ కరీముల్లా.
వంకర పోకుండా కొలవడం తప్ప
నాకు ఇంకేం వచ్చు గనక.

శనివారం రాత్రి ఆటు చూసుకుని బయలుదేరతాం.
నలుగురం, ఒక నావ, మూడు టార్చిలైట్లు, పులిహోర డబ్బా.
తెడ్డు పెమ్మాడి కాటంరాజుది.
ఒకప్పుడు ఈ మడల్లోనే కట్టెలు కొట్టి అమ్మినవాడు.
"తిల్లచెట్టు వస్తంది, తల వంచమ్మా,
పాలు కంట్లో పడ్డాయంటే నీ మిషను నేను తొక్కాలి" అంటాడు.
తను నరికిన మోళ్ళు దాటేటప్పుడు మాత్రం
మాటాడడు.

బురద మోకాలి దాకా పట్టుకుంటుంది,
చెప్పులు అడుగుతుంది, ఇచ్చేస్తాం.
మడ వేళ్ళు పైకి పొడుచుకొచ్చి
ఎవరో సూదుల డబ్బా తిరగేసినట్టు.
ఆ మధ్యలోంచి, నీరు తీసిన చోట,
బావురుపిల్లి నడిచివెళ్ళిన అచ్చులు.
టేపు పరుస్తాను: రెండుంపావు అంగుళాలు.
టెన్త్ చదివే హెప్సీబా పుస్తకంలో ఎక్కిస్తుంది.
"గోళ్ళు?"
"పడలేదు."
"ఆడదా, మగదా?"
"జాకెట్టు కొలతనుకున్నావేంటే!"

ఇన్నేళ్ళలో దాన్ని నేను చూసింది రెండుసార్లు.
మొదటిసారి చెట్టుకు కట్టిన కెమెరాలో:
సగం మూతి, చుక్కలు చుక్కలుగా ఒళ్ళు, నోట్లో కొయ్యింగ.
పొయ్యి మీద ఎసరు పెట్టి బజారుకొచ్చిన మనిషిలా
తొందరగా ఉంది.

రెండోసారి రామభద్రరాజుగారి చెరువు గట్టు మీద.
బండి క్లచ్ తీగ. ఉచ్చు వేసి మేకుకు కట్టారు.
మేం వెళ్ళేసరికే ఈగలు వచ్చేశాయి.
ఫారెస్టు గార్డు ఎదుట కరీముల్లా తీగ కోశాడు.
అది తన కొట్లోదే కావచ్చని ఎవరూ అనలేదు,
తనే అన్నాడు.
"కొలతలు చెప్పమ్మా" అన్నాడు గార్డు.
నడుము చుట్టు,
తీగ లేనిచోట పదిహేను అంగుళాలు,
తీగ ఉన్నచోట ఆరు.
ముప్ఫై ఏళ్ళుగా నడుములు కొలిచాను.
ఒకే ఒంటికి ఆ రెండంకెలూ
ఎన్నడూ రాయలేదు.

రాజుగారు అక్కడే నిలబడ్డారు.
"రాత్రికి నాలుగేసి పండుగప్పలండీ.
కిలో ఎంతో తెలుసా మీకు?"
తెలీదు. నిజంగానే తెలీదు.
ఆ వారం నుంచి పుస్తకంలో ఇంకో గడి గీశాం:
ఎడమ పక్క అచ్చులు, కుడి పక్క నష్టం,
రైతు చెప్పింది చెప్పినట్టే, కిలోలతో సహా.
పాత వలలు అడిగి తెచ్చి గట్ల చుట్టూ కట్టాం,
కాటంరాజు ముడులు, నా కుట్టు.
ఆరు చెరువులయ్యేసరికి అట్లతద్ది దాటింది,
పెళ్ళిళ్ళ జాకెట్లు గుట్టపడ్డాయి, తిట్లు తిన్నాను.
రాజుగారి గట్టు మాత్రం ఎక్కనివ్వలేదు.

నిన్న మధ్యాహ్నం, వానలో, ఆయనే కొట్టుకొచ్చారు.
గొడుగు ముడిచి గుమ్మంలో పెట్టి
చొక్కా ఒకటి బల్ల మీద పడేశారు.
"గుండీ ఊడింది. రేపు పట్టుకెళ్తా."
పిల్లి మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.
వెళ్ళాక చూస్తే జేబు బరువుగా తగిలింది.
మూడు క్లచ్ తీగలు, చుట్ట చుట్టి.
ఒకదాని మీద ఇంకా ఎండిన బురద.

విప్పి, బల్ల మీద పరిచి, కొలిచాను. అలవాటు.
నాలుగడుగుల రెండంగుళాలు ఒక్కోటీ.
ఏ గడిలో రాయాలో తోచలేదు.
హెప్సీబా వస్తే స్కేలు అడగాలి.

ముందు గుండీ కుట్టాను.
కలిసే రంగు దొరకలేదు,
దగ్గర రంగు వేశాను.